స్కిన్‌హెడ్ల గుండు వెనక కథ: యువత ఉపసంస్కృతులపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెబుతాను. ఉపసంస్కృతుల పాఠం, అంటే తమకంటూ వేరే వేషం, పాటలు, గుంపు ఉండే కుర్రకారు గురించిన పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు "వయసు పొగరు సార్, అంతే" అనేస్తారు.

అపోహ: ఇదంతా అమ్మానాన్నల మీద తిరుగుబాటు.

వాస్తవం: కొంతవరకే. 1960ల చివర్లో లండన్‌లో కార్మికులుండే ఈస్ట్ ఎండ్ ప్రాంతపు స్కిన్‌హెడ్లనే తీసుకోండి. అప్పటికి అక్కడ రేవుల్లో పని తగ్గిపోతోంది, పాత వీధులు పడగొట్టి జనాన్ని ఎత్తైన ఫ్లాట్లలోకో ఊరవతల కాలనీల్లోకో పంపేస్తున్నారు, చుట్టాలూ ఇరుగుపొరుగూ తలోదిక్కూ అయిపోయారు. మరి ఆ ఇళ్ల కుర్రాళ్లు వేసుకున్నదేంటి? బరువైన పని బూట్లు, ప్యాంటుకు బ్రేసెస్ (భుజాల మీదుగా వేసుకునే పట్టీలు), దాదాపు గుండులాంటి క్రాపు. కార్మికుల వేషమే, కాస్త డోసు పెంచి! పెద్దవాళ్లు పోగొట్టుకున్న బస్తీ జీవితాన్ని పిల్లలు బట్టల్లో, గుంపులో వెతుక్కున్నారని బ్రిటిష్ పరిశోధకుడు ఫిల్ కోహెన్ 1972లో రాశాడు. దాన్ని మాయా పరిష్కారం అన్నాడు, ఎందుకంటే బూట్లు తొడుక్కున్నంత మాత్రాన రేవులో పని రాదు, కూలిన వీధి లేవదు. నాకు ఇప్పటికీ ఇదే అన్నిటికంటే గట్టి వాదన అనిపిస్తుంది.

అపోహ: స్కిన్‌హెడ్లు మొదట్నుంచీ నల్లవాళ్లంటే పడనివాళ్లు.

వాస్తవం: వాళ్లు డాన్స్ చేసింది జమైకా నల్లవాళ్ల సంగీతమైన స్కా, రెగే పాటలకి. అలాగని వెనకేసుకురావక్కర్లేదు, దక్షిణాసియా వలసదారులను కొట్టినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వలసదారులను వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ లాంటి పార్టీలు కొందరిని లాక్కోవడం తర్వాతి సంగతి.

అపోహ: పేపర్లో వచ్చినంత గొడవా నిజంగానే జరుగుతుంది.

వాస్తవం: 1964 ఈస్టర్‌కి ఇంగ్లండ్‌లోని క్లాక్టన్ బీచ్‌లో చలి, వాన, చేయడానికి ఏమీ లేక మాడ్లు (నీటైన సూట్లు, స్కూటర్ల కుర్రాళ్లు), రాకర్లు (తోలు జాకెట్లు, మోటార్‌సైకిళ్ల కుర్రాళ్లు) తగువుపడ్డారు. ఒక పడవ బోల్తా పడితే పేపర్లవాళ్లు "పడవలు" అని రాసేవాళ్లని సోషియాలజిస్టు స్టాన్లీ కోహెన్ పట్టుకున్నాడు. ఆ వార్తల తర్వాతే రెండు గుంపుల మధ్య గీత ఇంకా గట్టిపడింది. (కోహెన్లు ముగ్గురండోయ్, పరీక్షలో కలిపేయకండి. మూడో ఆయన అమెరికన్, ఆల్బర్ట్ కోహెన్: మధ్యతరగతి కొలతలతో నడిచే బడిలో గౌరవం దొరకని కుర్రాళ్లు ఆ విలువలనే తలకిందులు చేసుకుంటారని 1955లో చెప్పాడు.)

అపోహ: ఆడపిల్లలకు ఇవేవీ ఉండవు.

వాస్తవం: రోడ్డు మీద తిరగనివ్వకపోతే ఫ్రెండ్ గదిలో చేరి పాటలు వింటారు, పోస్టర్లు అంటిస్తారు, మేకప్ ప్రయోగాలు చేస్తారు. బ్రిటిష్ పరిశోధకులు ఏంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ 1970ల్లో ఈ మాట అనేదాకా మిగతా పరిశోధకులు వెతికింది వీధి మలుపుల్లోనే, ఆ పరిశోధకుల్లో ఎక్కువమంది మగవాళ్లు కూడాను.