నాట్లేసేటోళ్లు ఎవరికోసం పాడుతున్నట్టు?

సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి నాట్లు చూసినవాళ్లకు ఆ కష్టం తెలుసు. పిక్కల దాకా బురద, పొద్దుగూకే దాకా వంచిన నడుము. ఉన్న ఊపిరి పనికే చాలని చోట పాటకు ఇంకొంత ఊపిరి ఖర్చు పెడతారు. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. కడుపు నింపదు, దూప తీర్చదు, పామును తరమదు. అలాంటి అలవాటు మనిషికి ఎట్లా అబ్బింది అన్నది జీవశాస్త్రంలో నూటయాభై ఏళ్లుగా తెగని పంచాయితీ.

మొదటి జవాబు డార్విన్‌ది. మాటలు రాకముందే మన పూర్వీకులు జోడును ఆకట్టుకోవడానికి రాగాలు తీసి ఉంటారని 1871లో రాశాడు. వసంతంలో మగ కోయిల గొంతు చించుకునేది అందుకే కదా. పాడేది ఆడైనా మగైనా కావచ్చని ఆయన సందు ఉంచుకున్నాడు గానీ, నాటు మడిలో ఈ లెక్క కుదరదు. అక్కడ పాడేదీ వినేదీ ఆడవాళ్లే. వినే మగవాడంటూ ఉంటే గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి ఒక్కడే. ఆయన్ను మెప్పించడానికే పాడుతున్నారంటే వాళ్లే పడీపడీ నవ్వుతారు. బతుకమ్మ చుట్టూ తిరిగే ముసలమ్మ, ఆమె కొంగు పట్టుకున్న ఆరేళ్ల పిల్ల ఎవరి జోడు కోసం పాడుతున్నట్టు?

రెండో జవాబు కాస్త మోటుగా ఉంటుంది. సంగీతం చెవులకు చీజ్‌కేక్ లాంటిదని స్టీవెన్ పింకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో అన్నాడు. తీపి మీద, కొవ్వు మీద మనకు పుట్టుకతో ఉన్న ఆశను కేక్ ఎట్లా వాడుకుంటుందో, మాట కోసం ఏర్పడిన మెదడు భాగాలను పాట అట్లా వాడుకుంటుందట. అంటే సంగీతానికంటూ పరిణామంలో వేరే పని లేదు. పాటగాళ్లకు ఇది వింటే ఒళ్లు మండుతుంది గానీ తీసిపారేసే మాట కాదు. అమెరికాలో స్నోబాల్ అనే కాకటూ, అంటే తెల్లని పెద్ద చిలుక, పాట వేగం మారిస్తే తన గంతుల వేగం కూడా మార్చుకుంటుందని, సంగీతానికీ మెదడుకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించే అనిరుధ్ పటేల్ బృందం 2009లో చూపింది. స్నోబాల్ జాతి కాకటూలకు అడవిలో డప్పులేమీ లేవు. విన్న శబ్దాన్ని అనుకరించే జీవుల్లో చెవికీ కదలికకూ మధ్య మెదడులో గట్టి లంకె ఉంటుంది, తాళం ఆ లంకెకు పుట్టిన ఉపఫలం కావచ్చని పటేల్ వాదన. 2013లో రోనన్ అనే సీ లయన్ దీనికి చిక్కు తెచ్చింది. అనుకరణ పెద్దగా రాని ఆ సముద్ర జంతువు, నేర్పిస్తే తాళానికి తల ఊపింది.

తాళం పట్టే శక్తి ఎక్కడినుంచి వచ్చినా, దాన్ని మనిషి దేనికి వాడుకున్నాడన్నది నాకు అంతకంటే పెద్ద ప్రశ్న. దీనికి నాటు మడికి దగ్గరగా ఉండే ఆధారం ఆక్స్‌ఫర్డ్ పడవ పందేల కుర్రాళ్ల దగ్గర దొరికింది. 2010లో అచ్చయిన ప్రయోగం అది. వాళ్లచేత తెడ్డు యంత్రాల మీద ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా కసరత్తు చేయించారు. పడ్డ శ్రమ ఒకటే. ఆ తర్వాత బీపీ చూసే పట్టీని చేతికి బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. కలిసి తెడ్డేసిన రోజున ఓర్పు ఎక్కువగా ఉంది. ఒకే లయలో కదిలితే మెదడులో ఎండార్ఫిన్లు, అంటే శరీరం తనకు తాను తయారుచేసుకునే నొప్పి మందులు, ఎక్కువగా ఊరుతాయని ఈ ప్రయోగం చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం అంచనా. వాటిని నేరుగా కొలవడం కష్టం కాబట్టే ఈ పట్టీ తిప్పలు. అదే బృందం 2012లో ఇంకో సంగతి చూపింది. పాడినా, డప్పు కొట్టినా, ఆడినా నొప్పి ఓర్పు పెరుగుతుంది. ఊరికే వింటే పెరగదు.

నడుము విరిగే పనిలోనే పాట ఎందుకు పుడుతుందో ఇప్పుడు కొంత అర్థమవుతుంది. అది అలసటను మరిపించడమే కాదు, పక్కనున్న మనిషిని దగ్గర చేస్తుంది. కోతులు ఒకదానికొకటి పేలు చూసుకుని స్నేహం నిలుపుకుంటాయి. ఒకసారికి ఒక్కరికే చూడగలవు. గుంపు పెద్దదైన కొద్దీ రోజంతా పేలకే సరిపోతుంది. పాట ఒకేసారి ఇరవై మందిని తాకగలదు. ఇంగ్లండ్‌లో పాట నేర్చుకునే తరగతులనూ, చేతిపనులు, రచన నేర్పే తరగతులనూ ఏడు నెలలు గమనిస్తే, పాటవాళ్లే ముందుగా కలిసిపోయారు. చివరికి అందరూ సమానంగానే దగ్గరయ్యారు. పాట చేసింది పరాయితనాన్ని తొందరగా పోగొట్టడం. ఎక్కడెక్కడినుంచో కూలికి వచ్చి మొదటి రోజే ఒకే వరుసలో వంగే వాళ్లకు అది తక్కువ సాయమా?

జోలపాట సంగతి వేరు. గట్టు మీది వేపకొమ్మకు చీర ఉయ్యాల కట్టి తల్లి మడిలో దిగితే, బిడ్డకు ఆమె చెయ్యి అందదు, గొంతు అందుతుంది. గొంతు వినబడుతున్నంతసేపూ తల్లి ధ్యాస తన మీదే ఉందన్నది బిడ్డకు నమ్మదగిన గుర్తు అని శామ్యూల్ మెర్ వంటి సంగీత మనస్తత్వ పరిశోధకులు అంటారు. తెలియని భాషల జోలపాటలు విన్నా అమెరికా పసిపిల్లల గుండె వేగం తగ్గిందని 2021లో తేలింది. సంగీతం మొత్తానికి ఒకే కారణం వెతకడం వృథా అని నాకు అనిపించేది ఇక్కడే.

ఇదంతా ఎంత పాతది? జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో దొరికిన, రాబందు రెక్క ఎముకతో చేసిన అయిదు రంధ్రాల పిల్లనగ్రోవికి 35 వేల ఏళ్లు దాటాయి. అయితే అది ఎముక గనక మిగిలింది. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెరనే తీసుకోండి. 2022లో దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ తెచ్చిన ఆ వాయిద్యం వెదురు బొంగు, ఆనపకాయ బుర్రలు. మట్టిలో పడితే నాలుగు వానలకు ఆనవాలుండదు. చప్పట్లు, గొంతు అసలే మిగలవు. పాట ఆ పిల్లనగ్రోవికంటే చాలా పాతదై ఉండాలి.

ఇప్పుడు నల్లగొండ వాడల్లో బతుకమ్మకు డీజే బాక్సులు పెడుతున్నారు. పాట బాక్సులోంచి వస్తుంది, ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. శబ్దం గురించి కాదు నా ఫిర్యాదు. అడుగులు కలవడం పోలేదు, గొంతులు కలవడం పోయింది. రెండింటిలో దేని వాటా ఎంతో ఎవరైనా ఇక్కడే కొలిస్తే బాగుండు. సద్దుల బతుకమ్మ నాడు ఒక వాడలో డీజే పెట్టాలి, ఇంకో వాడలో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అనాలి. ఆటకు ముందూ తర్వాతా అందరి చేతికీ బీపీ పట్టీ బిగించాలి. ఖర్చు పెద్దగా కాదు. పండగ పూట, పట్టుచీరల మీద, పట్టీకి చెయ్యి చాపమని వాళ్లను ఒప్పించడమే అసలు పని.