రెడ్ సాక్స్‌కు శాపం తగిలిందా? అపోహలు - వాస్తవాలు

బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ మైదానాన్ని సందర్శకులకు చూపిస్తూ, అక్కడ ఆడే రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు చరిత్ర చెప్పడం నా వృత్తి. పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు ఎదురైతే ఆ కథంతా తెలుగులోనే చెబుతాను. ఎవరు వచ్చినా, మెట్లెక్కి ఎడమవైపు పచ్చగోడ కంటపడగానే అడిగేది శాపం గురించే. మొన్న వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆ శాపం తొలగడానికి ఏ శాంతి జరిపించారని ఎంతో శ్రద్ధగా అడిగారు. ఆయనను తప్పుపట్టను, ఆయన చెవిన పడిన కథే అలాంటిది.

అపోహ: మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను అమ్ముకున్న పాపం శాపమై తగిలినందుకే జట్టు 86 ఏళ్లు వరల్డ్ సిరీస్ (ఏటా జరిగే బేస్‌బాల్ ఫైనల్ పోటీ) గెలవలేదు.

వాస్తవం: 1919 డిసెంబర్ 26న యజమాని హ్యారీ ఫ్రేజీ రూత్‌ను లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మిన మాట నిజమే. ఆ బేరంలో భాగంగానే ఫెన్‌వే పార్క్‌ను తాకట్టు పెట్టుకుని 3 లక్షల డాలర్ల అప్పు ఇవ్వడానికి యాంకీస్ యజమాని జేకబ్ రూపర్ట్ ఒప్పుకున్నారు. ఆ సొమ్మంతా ఫ్రేజీ 'నో, నో, నానెట్' అనే సంగీత నాటకానికి ధారపోశారన్న పుకారును ఇకనైనా వదిలిపెట్టాలి. ఆ నాటకం న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కింది 1925లో, అమ్మకం జరిగిన ఐదేళ్ల తరువాత. అసలు ఈ శాపం మాట ఇంటింటికీ పాకింది 1986 ఓటమి తరువాత, 1990లో వచ్చిన ఒక పుస్తకం వల్ల. 1918 గెలుపుకీ 2004 గెలుపుకీ నడుమ ఈ జట్టు 1946, 1967, 1975, 1986లలో నాలుగుసార్లు వరల్డ్ సిరీస్‌కు చేరి, నాలుగుసార్లూ చివరిదైన ఏడో ఆటలోనే ఓడింది.

శాపం కథ వల్ల జరిగే పెద్ద నష్టం ఏమిటంటే, నిర్ణయాలు తీసుకున్న మనుషులు దాని చాటున తప్పించుకుంటారు. 1945 ఏప్రిల్ 16న జాకీ రాబిన్సన్, శామ్ జెత్రో, మార్విన్ విలియమ్స్ అనే ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లు జట్టులో చోటు కోసం ఇదే మైదానంలో తమ ఆట చూపించారు. ఆదివారం ఆటలకు అనుమతి రాకుండా చేస్తానని నగర కౌన్సిల్ సభ్యుడు ఇసడోర్ మచ్నిక్ పట్టుబట్టబట్టి, విలేకరి వెండెల్ స్మిత్ వారిని వెంటబెట్టుకుని రాబట్టి ఆ పరీక్ష జరిగింది. ముగ్గురిలో ఒక్కరికైనా జట్టు నుంచి కబురు రాలేదు. రెండేళ్లు తిరిగేసరికి, 1947 ఏప్రిల్ 15న, రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగాడు. జెత్రో 1950లో ఇదే నగరంలోని మరో జట్టు, బోస్టన్ బ్రేవ్స్‌లో చేరి, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. బర్మింగ్‌హామ్‌లో ఆడుతున్న మరో నల్లజాతి ఆటగాడు విల్లీ మేస్‌ను అందరికంటే ముందు తీసుకునే అవకాశం ఉన్నా రెడ్ సాక్స్ వదులుకుంది. ఆయన ఆ తరువాత 660 హోమ్ రన్లు కొట్టాడు. 1933 నుంచి యజమాని టామ్ యాకీ చేతిలో ఉన్న ఈ జట్టులో తొలి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్ ఆడింది 1959 జూలై 21న. నల్లజాతి ఆటగాడిని ఆడించడంలో మేజర్ లీగ్ మొత్తం 16 జట్లలో ఇదే ఆఖరిది, అప్పటికి రాబిన్సన్ ఆట నుంచి తప్పుకుని కూడా మూడో ఏడు నడుస్తోంది.

వృత్తిలో చేరిన కొత్తలో నేనూ శాపం కథనే ముందు చెప్పేవాడిని. ఒకరోజు అందరూ వెళ్లిపోయాక బోస్టన్‌లోని రాక్స్‌బరీలో పుట్టి పెరిగిన ఒక నల్లజాతి వృద్ధుడు ఆగిపోయి, చిన్నప్పుడు తన తండ్రి తనను బ్రేవ్స్ ఆటకే తీసుకెళ్లేవాడనీ, జెత్రో పరుగెత్తడం చూపించేవాడనీ, ఇంటికి దగ్గరలోనే ఉన్న ఫెన్‌వే వైపు మాత్రం ఎన్నడూ అడుగు వేయనివ్వలేదనీ చెప్పారు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చెయ్యి ముందున్న చెక్క కుర్చీ వీపు మీదే ఉంది. ఆనాటి నుంచి నా కథ 1945తోనే మొదలవుతోంది.

అపోహ: జట్టు మొదటి పేరు పిల్‌గ్రిమ్స్.

వాస్తవం: కాదు. 1901లో పుట్టిన జట్టును ఆనాటి పత్రికలు ఎక్కువగా అమెరికన్స్ అనే రాసేవి. రెడ్ సాక్స్ పేరు 1908 నుంచి వాడుకలో ఉంది.

అపోహ: ఎడమవైపు గోడ మొదటి నుంచీ పచ్చగానే ఉంది.

వాస్తవం: మైదానం 1912లో తెరిచారు, గోడకు పచ్చరంగు వేసింది 1947లో. అంతకుముందు దాని నిండా వ్యాపార ప్రకటనలు ఉండేవి.

అపోహ: 1986 వరల్డ్ సిరీస్‌లో ఫస్ట్ బేస్ దగ్గర బంతి వదిలేసిన బిల్ బక్‌నర్ ఒక్కడే జట్టును ఓడించాడు.

వాస్తవం: ఈ ఏడాది ఒక తెలుగు తల్లి తన పదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. పాఠశాల జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర ఒక బంతి వదిలేసినందుకు తోటి పిల్లలు వాడిని బక్‌నర్ అని పిలుస్తున్నారట, వాడు మళ్లీ ఆడనంటున్నాడట. నేను వాడి పక్కన కూర్చుని ఆ సిరీస్ ఆరో ఆట, పదో ఇన్నింగ్స్ వరసగా చెప్పాను. రెడ్ సాక్స్‌కు రెండు పరుగుల ఆధిక్యం ఉంది, ప్రత్యర్థి న్యూయార్క్ మెట్స్ ఆటగాళ్లు ఇద్దరు అవుటయ్యారు, బేస్‌ల మీద ఎవరూ లేరు. ఆ తరువాత మెట్స్‌కు వరసగా మూడు సింగిల్స్ (ఫస్ట్ బేస్ చేర్చే దెబ్బలు) పడ్డాయి, రెడ్ సాక్స్ పిచర్ (బంతి విసిరేవాడు) విసిరిన ఒక బంతి అదుపు తప్పింది, స్కోరు 5-5 అయింది. బంతి బక్‌నర్ కాళ్ల మధ్య నుంచి వెళ్లింది ఆ తరువాతే. ఏడో ఆట ఇంకా మిగిలే ఉంది. అందులో 3-0 ఆధిక్యంలో ఉండి కూడా జట్టంతా కలిసి 8-5తో ఓడింది. 2008 ఏప్రిల్‌లో బక్‌నర్ ఇదే మైదానంలో తొలి బంతి వేయడానికి వచ్చినప్పుడు ప్రేక్షకులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ అబ్బాయి అంతా విని, "బంతి వెళ్లకముందే 5-5 అయిందా?" అని మరోసారి అడిగి, టికెట్టు వెనక ఆ అంకెలు రాసుకున్నాడు.