సందు చుక్కల ప్లేస్టేషన్

సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు ఒక లెక్క పట్టుకొచ్చాడు. "మామయ్యా, సోనీ వాళ్ళ ఆటల పెట్టె ప్లేస్టేషన్ 4 ఉంది కదా, దాని గ్రాఫిక్స్ బలం 1.84 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 1.84 లక్షల కోట్ల లెక్కలు. ప్లేస్టేషన్ 4 ప్రోది 4.2. అంటే రెండింతలు దాటి కొంచెం. కానీ పాతది హెచ్‌డీ టీవీకి బొమ్మ గీస్తే, ప్రో 4కే టీవీకి గీస్తుందట. అందులో పిక్సెళ్ళు, అంటే తెర మీది రంగు చుక్కలు, నాలుగింతలు కదా! మిగతా బలం ఎక్కణ్ణించి వచ్చింది?"

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడు. సంఖ్యలు పొంతన కుదరట్లేదని తనంతట తానే పట్టుకున్నాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

వాడి లెక్కలో తప్పేమీ లేదు. 1920×1080 అంటే 20,73,600 పిక్సెళ్ళు. 3840×2160 అంటే 82,94,400. సరిగ్గా నాలుగింతలు. 2013 నవంబరులో పీఎస్4 వచ్చింది, 2016 నవంబరులో ప్రో. ఆ మూడేళ్ళలో చిప్ తయారీ 28 నానోమీటర్ల నుంచి 16కి దిగింది కాబట్టి గ్రాఫిక్స్ యూనిట్లను 18 నుంచి 36 చేయగలిగారు. మెమరీ వేగం మాత్రం సెకనుకు 176 గిగాబైట్ల నుంచి 218కే పెరిగింది. పావు వంతు కూడా పెరగలేదు. కాబట్టి జవాబు బలంలో లేదు, గీసే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి సరిగ్గా అప్పుడే మా అక్క వాకిట్లో పెడుతోంది.

ముగ్గులో చుక్కలు రెండు రకాలుగా పెడతారు. ఎదురు చుక్క అంటే పై వరుస చుక్కకు సూటిగా కింద చుక్క. సందు చుక్క అంటే పై వరుసలో రెండు చుక్కల నడుమ ఉన్న సందుకు ఎదురుగా చుక్క. 4కే తెర మొత్తం ఒక పెద్ద ఎదురు చుక్క ముగ్గు. ఈ పద్ధతి వాడే ఆటల్లో ప్రో ఒక్కో ఫ్రేములో, అంటే వరుసగా మారే బొమ్మల్లో ఒక్కో బొమ్మలో, సందు చుక్కలకు మాత్రమే రంగు లెక్కకడుతుంది. అంటే 41,47,200. తర్వాతి ఫ్రేములో మిగిలిన సందుల వంతు. అవసరం నాలుగింతల నుంచి రెండింతలకు దిగింది, చేతిలో 2.3 ఇంతల బలం ఉంది. వాడి లెక్క కుదిరింది. దీన్నే చెకర్‌బోర్డ్ రెండరింగ్ అంటారు. చదరంగం బల్ల మీద నల్లగళ్ళు ఒకసారి, తెల్లగళ్ళు ఒకసారి అనుకోవచ్చు. నాకైతే ముగ్గే దగ్గరగా అనిపిస్తుంది.

అడ్డువరుస సంఖ్య, నిలువువరుస సంఖ్య, ఫ్రేము సంఖ్య, ఈ మూడూ కలిపితే సరి సంఖ్య వస్తే గీయాలి, బేసి వస్తే వదిలెయ్యాలి. సూత్రం ఇంతే. నిరూపక జ్యామితి పాఠం ముగ్గుతో మొదలుపెడితే, రోజూ వాకిలి చూసే పిల్లలకు సగం పాఠం ముందే వచ్చి ఉంటుందని నా గట్టి నమ్మకం.

అయితే ఆటలో బొమ్మ కదులుతుంది. అక్క వేసిన హంస నడవడం మొదలుపెట్టిందనుకోండి. కిందటి ఫ్రేము చుక్కలు హంస ఇంతకు ముందున్న చోట ఉంటాయి, ఈ ఫ్రేము చుక్కలు ఇప్పుడున్న చోట. రెండూ కలిపితే హంస చెదిరిపోతుంది. అందుకని ప్రతి పిక్సెల్ వెంటా "నేను ఎటునుంచి, ఎంత దూరం జరిగి వచ్చాను" అనే గుర్తు ఉంచుతారు. దాని ప్రకారం వెనక్కి వెళ్ళి పాత రంగు తెస్తారు. స్తంభం చాటున ఉన్న గోడ ఇప్పుడే బయటపడితే దానికి పాత రంగే ఉండదు. అప్పుడు పక్క చుక్కల నుంచి ఊహించాలి. సందు చుక్క గొప్పతనం ఇక్కడే. దాని ప్రతి ఖాళీకి పైన, కింద, కుడి, ఎడమ నాలుగూ నిండిన చుక్కలే! పాత టీవీల్లో లాగా వరుస విడిచి వరుస గీసి ఉంటే పైన, కింద మాత్రమే సాక్షులుండేవి. పని అంతే, సాక్షులు మాత్రం రెండింతలు.

ఇంకో చిక్కుంది. తెచ్చిన పాత రంగు హంసదో, పక్కనున్న తామరదో ఎలా తెలియాలి? ఇందుకోసం ప్రో చిప్‌లో ఐడీ బఫర్ అనే కొత్త ఏర్పాటు పెట్టారు. లోతు సమాచారం, అంటే ఏది ఎంత దూరంలో ఉందో, రాసేటప్పుడే ఫలానా పిక్సెల్ ఏ వస్తువుకు చెందిందో హార్డ్‌వేరే నమోదు చేస్తుంది. రంగు లెక్కగట్టే పని అదనంగా పడదు. ముగ్గుపిండిలో ప్రతి రేణువుకూ తనది ఏ పువ్వో తెలిసినట్టు.

పాత ఆటల సంగతి మరీ అందంగా ఉంటుంది. యూనిట్లు రెట్టింపు చేయడానికి పాత గ్రాఫిక్స్ భాగం పక్కన దాని అద్దపు ప్రతిబింబాన్నే పెట్టారు. రూపకర్త మార్క్ సెర్నీ దీన్ని సీతాకోకచిలుక రెక్కలతో పోల్చాడు. పాత ఆట పెడితే ఒక రెక్క ఆగిపోతుంది, 911 మెగాహెర్ట్జ్ వేగం 800కి దిగుతుంది. పాత ఆట దృష్టిలో అది పాత పెట్టే. వేగానికి ముడిపెట్టి రాసిన ఆటలు తడబడకూడదని ఈ జాగ్రత్త. 2017 మార్చిలో బూస్ట్ మోడ్ వచ్చాక, కావాలనుకున్నవాళ్ళు పాత ఆటలకూ అదనపు వేగం ఇచ్చుకోగలిగారు.

టెరాఫ్లాప్స్ సంఖ్యను జాతకంలా నమ్మడం నాకు నచ్చదు. అది వట్టి గుణకారం. 36 యూనిట్లు, ఒక్కోదానిలో 64 గణన మార్గాలు, ఒక్కో గడియార స్పందనకు గుణకారం ఒకటి, కూడిక ఒకటి, సెకనుకు 91.1 కోట్ల స్పందనలు. వెరసి 4.2 లక్షల కోట్లు. అందులో ప్రాసెసర్ ఊసే లేదు. ప్రోలోనూ పాత పెట్టెలోని ప్రాసెసర్ భాగాలే, అవే జాగ్వార్ అనే రకం కోర్లు ఎనిమిది, 1.6 నుంచి 2.1 గిగాహెర్ట్జ్‌కి మాత్రమే పెరిగాయి. శత్రువు ఎటు పరిగెత్తాలో, కూలే గోడ ముక్కలు ఎక్కడ పడాలో తేల్చేది అవే. అందుకే సెకనుకు 30 ఫ్రేముల దగ్గర ప్రాసెసర్‌కే ఊపిరాడని ఆట ప్రోలో కూడా 60కి చేరలేదు. బొమ్మ నునుపెక్కింది గాని ఆట చురుకెక్కలేదు. ప్రో లాగా ఒక తరానికీ తర్వాతి తరానికీ నడుమ వచ్చే మధ్యతరం పెట్టెల మీద నాకున్న అసలు అసంతృప్తి ఇదే. 2017లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ళ పెట్టె ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ 6 టెరాఫ్లాప్స్, సెకనుకు 326 గిగాబైట్ల మెమరీ వేగంతో చాలా ఆటల్లో 4కే పూర్తిగా గీయగలిగింది. దాన్నీ ఆపింది జాగ్వారే. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోలో ఖాళీలు పూరించే పని, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌కి అప్పగించారు.

సాయంత్రం వాడు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న తన ప్రోలో ఒక ఆట పెట్టి, కెమెరాను గిర్రున తిప్పుతూ స్క్రీన్‌షాట్ తీశాడు. టీవీకి జానెడు దూరంలో కూర్చుని, పెద్దది చేసి చూశాడు. కంచె అంచున దువ్వెన పళ్ళలా సన్నటి గీతలు కనిపించాయి.

"అమ్మా, ఇలా రా! సందు చుక్కలు!" అని కేకేశాడు.

అక్క చేతికి పిండి ఉండగానే వచ్చి, వంగి చూసి, "ఒక వరుస జరిగిందిరా" అంది.