అడుగులు లెక్కపెట్టిన నోటుబుక్కు

కాకినాడ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. మామ్మ మోకాళ్ల నొప్పి మామూలే. పెద్దది ఇంటర్ అయ్యాక భూమి, వాతావరణం, సముద్రం గురించి చదువుతానంటే మీ నాన్న "అదేం చదువు, మొక్కలు నాటడమా?" అన్నాడట. వాణ్ణి కాస్త ఓపిక పట్టమనండి. ఇది ఫోన్లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

సంక్రాంతికి ఉప్పాడ వెళ్లాం, గుర్తుందా? చీరలు చూసి మురిసిపోయాక, ఒడ్డున సగం కూలిన ఇల్లు చూసి చిన్నోడు "ఇది ఎవరు పడగొట్టారు తాతయ్యా?" అన్నాడు. "సముద్రం" అనేశాను. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మాస్టారు ఇచ్చే జవాబేనా అది! అప్పటినుంచీ మనసులో పీకుతూనే ఉంది.

అసలు జవాబు గోదావరి దగ్గర మొదలుపెట్టాలి. నది తెచ్చే ఒండ్రు, ఇసుకే ఈ తీరాన్ని కట్టింది. కెరటం రోజూ కొంత కోసుకుపోతుంది, నది మళ్లీ నింపుతుంది. కోసేది, నింపేది సమానంగా ఉన్నంతకాలం ఊరు నిలిచి ఉంటుంది. నది మీద, దాని ఉపనదుల మీద ఆనకట్టలు కట్టాక ఒండ్రు వాటి వెనకే ఆగిపోయింది. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేదని, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క తేల్చారు. దానికి తోడు వేడెక్కిన సముద్రపు నీరు వ్యాకోచిస్తోంది, మంచు కరిగి కొత్త నీరు చేరుతోంది, మట్టం పెరుగుతోంది. కాకినాడ రేవుకి హోప్ ఐలాండ్ గోడలా అడ్డం ఉంది, ఉప్పాడకి ఆ చాటు లేదు. ఒడ్డుకి పెద్ద గొట్టాల్లాంటి సంచుల్లో ఇసుక నింపి గోడ కడితే, కెరటాలు దాన్నీ దెబ్బతీశాయి.

ఇందులో నది ఉంది, గాలి ఉంది, సముద్రం ఉంది, వందల కిలోమీటర్ల అవతల కట్టిన ఆనకట్ట ఉంది. పోనీ ఆనకట్టని తిడదామా అంటే, ఆ నీళ్లతో పండిన అన్నమే మనం తింటున్నాం! ఈ ముడిని ఓపిగ్గా విప్పడమే పెద్దది చదువుతానంటున్న చదువు.

నాదీ ఒక ముచ్చట చెప్పాలి. రిటైరయ్యాక ఉప్పాడలో స్నేహితుడి ఇంటి అరుగు నుంచి నీళ్ల దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. నాలుగేళ్ల తర్వాత ఒక జాలరి అది చూసి, "మాస్టారూ, పోటులో కొలిచారా, పాటులో కొలిచారా?" అన్నాడు. నోట మాట రాలేదు. అమావాస్యో పౌర్ణమో కూడా రాయలేదు నేను. పోటుకీ పాటుకీ నీళ్ల అంచే మారిపోతుంది, ఇక నాలుగేళ్ల లెక్కా వృథా. అప్పటినుంచి తేదీ, టైము, తిథి, పోటో పాటో అన్నీ రాస్తున్నాను. ఆ జాలరి ఏ కాలేజీకీ వెళ్లలేదు.

కొలవడం ఎంత పనో ఇంకో కథ వినండి. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే కేంబ్రిడ్జి లెక్కల మనిషి మన దేశ వాతావరణ శాఖకి అధిపతిగా వచ్చాడు. రుతుపవనాలు ఎప్పుడు మొండిచెయ్యి చూపిస్తాయో ముందే చెప్పాలని ఆయన తాపత్రయం. అనేక దేశాల గాలి ఒత్తిడి లెక్కలు తెప్పించి, గుమస్తాలతో ఏళ్ల తరబడి పోల్చి చూశాడు. వాన సంగతి అనుకున్నంత తేలలేదు కానీ పసిఫిక్‌లో ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, తూగుటుయ్యాలలా ఊగుతుందని తేలింది. పెరూ తీరంలో నీళ్లు వేడెక్కే ఎల్ నినోకీ దీనికీ ఉన్న చుట్టరికం 1960లలో గానీ బయటపడలేదు. వాన అంచనాల్లో ఇవాళ మన రైతులు కూడా ఆ పేరు వింటున్నారు.

అందుకే పెద్దదానికి ఒక మాట. పర్యావరణం మీద ప్రేమ ఉంటే మంచిదే, కానీ కాలేజీలో ముందు ఎదురొచ్చేది లెక్కలు, ఫిజిక్స్. ఇంటర్‌లో విసుక్కుంటూ చదివే థర్మోడైనమిక్సే, అంటే వేడి, శక్తి లెక్కలే, అక్కడ కూడు పెడుతుంది. గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కుండపోత వానలు ఎందుకు పెరుగుతున్నాయో సగం అక్కడే తెలుస్తుంది. తర్వాత స్టాటిస్టిక్స్, కంప్యూటర్ ప్రోగ్రాములు, ఉపగ్రహ చిత్రాలు. ఏ కోర్సైనా చేరే ముందు సిలబస్ తెరిచి చూడు. లెక్కలూ లేక, బయటికెళ్లి కొలిచే పనీ లేక ఉత్త నినాదాలే ఉంటే పక్కన పెట్టేయ్. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లోనూ వాతావరణ, సముద్ర శాస్త్రాలకి విభాగాలున్నాయి.

లెక్కలు వచ్చినంత మాత్రాన సరిపోదు. ఉప్పాడలో ఆ కూలిన ఇంటావిణ్ణి వేరే చోటికి వెళ్లమంటే ఎక్కడికి వెళ్తుంది, ఆవిడ మొగుడు పడవ ఎక్కడ కట్టుకుంటాడు, ఖర్చు ఎవరు భరించాలి? ఇవి ఎకనామిక్స్, చట్టం అడిగే ప్రశ్నలు. వాటినీ చదవాలి.

ఉద్యోగాల సంగతి మీ నాన్నకి నువ్వే చెప్పు. మీ హైదరాబాద్‌లోనే ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. సముద్రం కనబడని ఊళ్లో కూర్చుని, చేపలు ఎక్కడ దొరకొచ్చో జాలర్లకి చెబుతారు, 2007 నుంచి సునామీ హెచ్చరికలూ ఇస్తున్నారు. అక్కడి పనులకి ఆధారమైన వాటిలో ఆర్గో ఫ్లోట్లు ఒకటి, అంటే సముద్రంలో వదిలేసే కొలత పరికరాలు. 2,000 మీటర్ల లోతుకి మునిగి, పది రోజులకోసారి పైకి తేలి, లోపలి వేడి, ఉప్పదనం ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునిగిపోతాయి. నాకైతే అవి నా నోటుబుక్కుకి అన్నదమ్ములనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ అంత జీతం వెంటనే రాదు, ఆ మాట దాచను.

స్నేహితుడి అరుగు పోయిన వానాకాలం కూలిపోయింది. ఇప్పుడు కొలవడానికి కొత్త గుర్తు కావాలి. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ముగ్గురం వెళ్లి రామాలయం మెట్టు నుంచి మొదలుపెడదాం. రాళ్ల మీద నడవాలి, చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకోండి. చిన్నోడికి టేపు పట్టుకునే పని.

మీ తాతయ్య