సూఫీ చింతనలో మరణం, షహాదత్: అపోహలు - వాస్తవాలు

సూఫీ గ్రంథాలు పాఠం చెబుతున్నప్పుడు మరణం ప్రస్తావన రాగానే తరచుగా ఎదురయ్యే అభిప్రాయాలివి.

అపోహ: షహీద్ అంటే యుద్ధంలో ప్రాణాలు విడిచినవాడే.

వాస్తవం: ఆ అరబీ పదానికి మూలార్థం సాక్షి. విశ్వాస ప్రకటననూ, ఆత్మార్పణనూ 'షహాదత్' అనే ఒకే మాటతో పిలుస్తారు. ప్లేగుతోనో, ఉదర వ్యాధితోనో, నీట మునిగో చనిపోయినవారు కూడా షహీదులేనని బుఖారీ సంకలనంలోని హదీసు (ప్రవక్త వచనం) చెబుతుంది. యుద్ధవీరుల షహాదత్‌ను సూఫీలు కాదనలేదు కానీ, చావు ఎలా వచ్చిందన్న దానికంటే మనిషిలో చచ్చిందేమిటన్న ప్రశ్నకే ఎక్కువ విలువనిచ్చారు.

అపోహ: 'చావకముందే చావండి' అన్న మాట ప్రాణత్యాగాన్ని బోధిస్తుంది.

వాస్తవం: ఇస్లాంలో ఆత్మహత్య నిషిద్ధం. ఇక్కడ చావవలసింది నఫ్స్, అంటే 'నేను, నాది' అని పట్టుబట్టే అహం. అది లయించడం ఫనా; ఆ తరువాత దైవంలో నిలిచి, తిరిగి లోకవ్యవహారాల్లో మెలగడం బఖా. మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం వల్లనే ఈ అపోహ పుడుతోందని నా అభిప్రాయం. (ఆ మాటను ప్రవక్త వచనంగా ఉటంకించడం పరిపాటే అయినా, హదీసు పండితులు దానిని ప్రామాణికంగా అంగీకరించలేదు.) 1235లో ఢిల్లీలో, సమర్పణ అనే బాకుకు బలైనవారికి అదృశ్యలోకం నుంచి క్షణక్షణం కొత్త ప్రాణం అందుతుందన్న పారశీక ద్విపదను సమా (సూఫీ భక్తిగాన) గోష్ఠిలో విని, సూఫీ గురువు ఖుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ తన్మయత్వంలోనే కన్నుమూశారని చిష్తీ సూఫీ సంప్రదాయం చెబుతుంది. ఆయనపై ఎవరూ కత్తి ఎత్తలేదు.

అపోహ: 'అనల్ హఖ్' (నేనే సత్యం) అన్నందుకే సూఫీ హల్లాజ్‌ను చంపారు.

వాస్తవం: 922లో బాగ్దాద్‌లో ఆయనకు మరణశిక్ష పడేనాటికి అబ్బాసీ దర్బారులోని వర్గపోరు కూడా ఆ విచారణలో కలిసిపోయింది, మక్కాకు వెళ్లలేనివారు హజ్ విధులను ఇంటివద్దే జరుపుకోవచ్చన్న ఆయన అభిప్రాయం తీర్పులో కీలకమైంది. ఉరికంబాన్ని ప్రేమికుడి ఉన్నత సోపానంగా కీర్తించింది తరువాతి కవులు.

అపోహ: ఉరుసు, అంటే సూఫీ గురువు వర్ధంతి ఉత్సవం, సంతాప దినం.

వాస్తవం: అరబీలో ఉర్స్ అంటే పెళ్లి. 1273 డిసెంబర్ 17న కోన్యాలో సూఫీ కవి రూమీ మరణించిన రాత్రిని 'షబె అరూస్', అంటే పెళ్లిరాత్రి అంటారు. ప్రవక్త మనుమడు హుసేన్ ప్రాణాలర్పించిన కర్బలాను తలచుకునే మొహర్రం శోకం వేరు. అయితే నెల్లూరు బారా షహీద్ దర్గాలో, యుద్ధంలో మరణించారని చెప్పుకునే పన్నెండుమంది సమాధుల చెంత, అదే మొహర్రం మాసంలో కోరికల రొట్టెలు చేతులు మారుతుంటాయి.