చెవి కింద గడ్డ, పారేసిన బ్లాక్: నెల్లూరు గొడవ వెనక సంగతి

పాత బయాప్సీ బ్లాకుల గొడవ నెల్లూరులో మళ్లీ రాజుకుంది. పరీక్షకు తీసిన ముక్కను మైనంలో పొదిగి దాచేదే బ్లాక్. కావలి వైపు పల్లెకు చెందిన ఒక రైతుకు చెవి కింద గడ్డ తీశారు. మామూలు గడ్డే, క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. ఏళ్లు గడిచాక అక్కడే మళ్లీ గడ్డ లేచింది. ఈసారి మూతి ఒక పక్కకు పోయింది, ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. చెన్నై డాక్టర్లు పాత బ్లాక్ తెమ్మన్నారు. పారేశామని ల్యాబ్ వాళ్లు చెప్పారు.

అగ్గిపెట్టె కంటే చిన్న మైనపు ముక్కకు ఇంత విలువ ఎక్కడిది? 1983లో జర్మనీలోని కీల్‌లో కీ-67 అనే మార్కర్, అంటే కణాల్లో రంగు వేసి గుర్తుపట్టే ప్రొటీన్, దొరికింది. ఏ కణాలు విభజన చెందుతున్నాయో అది చూపిస్తుంది. కానీ అప్పట్లో అది తాజాగా తీసి అతి చల్లగా ఫ్రీజ్ చేసిన ముక్క మీదే పనిచేసేది. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో ఊరి మైనంలో చేరిన ముక్కల్లో ప్రొటీన్లు బిగుసుకుపోయేవి. 1991లో స్లైడును, అంటే ఆ ముక్క నుంచి పలచగా కోసి గాజు పలక మీద పరిచినదాన్ని, మైక్రోవేవ్‌లో వేడిచేస్తే అవి మళ్లీ రంగు పట్టుకుంటాయని తేలింది. మరుసటి ఏడాదికి మైనపు ముక్కల్లోనూ కీ-67 చూడగలిగారు. అసలు మలుపు ఇదే. ఎప్పుడో దాచిన ముక్కను ఈరోజు కొత్త ప్రశ్న అడగొచ్చు.

చెవి కింద లాలాజల గ్రంథి ఉంటుంది. ఈ గ్రంథుల్లో ఎక్కువగా వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ ప్లియోమార్ఫిక్ అడినోమా ఏళ్ల తరబడి ఉంటే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. మారిన చోట కీ-67తో పాటు పీ53, హెర్-2 అనే మార్కర్లూ పెరగొచ్చు. ఏ ఒక్క మార్కరూ తీర్పు చెప్పదు, గడ్డ తన చుట్టూ ఉన్న పొర దాటిందా అన్నది మామూలు స్లైడు మీదే చూడాలి. పైగా మార్పు ఒక్క మూలనే దాగి ఉండొచ్చు. అందుకే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. క్యాన్సర్ మొదటిసారే ఉండి కంటపడలేదా, తర్వాత వచ్చిందా? ఆ కుటుంబం అడుగుతున్నది ఇదే.

స్థలం చాలదని, ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదని ల్యాబ్ అంటోంది. అమెరికా పాథాలజిస్టుల కాలేజీ బ్లాకులను కనీసం 10 ఏళ్లు ఉంచమంటుంది. ఈ గడ్డలు అంతకంటే ఆలస్యంగా కూడా తిరిగొస్తాయి.

మడతల దగ్గర చిరిగిన పాత రిపోర్టు ఆ ఇంట్లో ఇంకా ఉంది. దాని మీద బ్లాక్ నంబరూ, ఫోన్ నంబరూ రెండూ ఉన్నాయి. పారేసే ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే వచ్చి తెచ్చుకునేవాళ్లం కదా అంటోంది రైతు కూతురు.