యాంటీవైరస్, యాంటీ స్పైవేర్ కలిపి వాడొచ్చా? ఇంటి కంప్యూటర్లపై అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఎవరింటికి వెళ్లినా ముందు గడియారం పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కి, అక్కడ ఏమేం ఐకాన్లు ఉన్నాయో చూస్తాను. "సిస్టమ్ బాగా స్లో అయిపోయిందండీ" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ ఒకటి, షాపులో కొన్నది ఇంకొకటి, పిల్లలు యూట్యూబ్ చూసి వేసిన యాంటీ స్పైవేర్ (మనకు తెలియకుండా నిఘా పెట్టే స్పైవేర్‌ని పట్టేది) మరొకటి, ఇవి చాలవన్నట్టు ఒక పీసీ క్లీనర్. విండోస్‌తో వచ్చిన డిఫెండర్ అనే యాంటీవైరస్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్ల గురించే. ఆఫీసుల సంగతి వేరు.

అపోహ: వైరస్‌కి యాంటీవైరస్, స్పైవేర్‌కి యాంటీ స్పైవేర్. రెండూ ఉండి తీరాలి.

ఇది ఎవరో గాలికి పుట్టించిన మాట కాదు. ఇరవై ఏళ్ల కిందట నిజమే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో యాంటీవైరస్ కంపెనీలు స్పైవేర్ జోలికి పెద్దగా వెళ్లేవి కావు. వైరస్ చెప్పకుండా దూరుతుంది. టూల్‌బార్లు, ప్రకటనలు చూపించే యాడ్‌వేర్ లాంటి స్పైవేర్ రకాలు అలా కాదు, ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట వచ్చి 'ఐ అగ్రీ' బటన్ మీ చేతే నొక్కించుకునేవి. మీరు ఒప్పుకున్నాక దాన్ని వైరస్ అని తీసేస్తే, తయారుచేసినవాళ్లు లాయర్లతో దిగేవాళ్లు. ఆ ఖాళీలోకే యాడ్-అవేర్, స్పైబాట్ లాంటి విడి ప్రోగ్రాములు వచ్చాయి, బాగా పనిచేశాయి కూడా.

తర్వాత కథ మారింది. 2004 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ జెయింట్ అనే కంపెనీని కొని, దాని యాంటీ స్పైవేర్‌నే విండోస్ డిఫెండర్‌గా తీర్చిదిద్దింది. విస్టా, విండోస్ 7లో ఉన్న డిఫెండర్ చూసేది స్పైవేర్‌ని మాత్రమే. వైరస్‌ల కోసం 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని విడిగా ఇచ్చారు. 2012లో విండోస్ 8తో ఆ పని కూడా డిఫెండర్‌లోకే వచ్చేసింది. పని మారింది కానీ పేరు మారలేదు. అందుకే "డిఫెండర్ స్పైవేర్‌కే అండీ, యాంటీవైరస్ విడిగా వేయించుకోండి" అనే మాట షాపుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇవాళ పేరున్న ఏ యాంటీవైరస్ అయినా వైరస్, మంచి ప్రోగ్రామ్‌లా నటించే ట్రోజన్, స్పైవేర్, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ అన్నిటినీ చూస్తుంది. కాబట్టి డబ్బా మీద ఏం రాసుందన్నది పక్కన పెట్టండి. ఆ ప్రోగ్రామ్ ఇరవైనాలుగ్గంటలూ కాపలా కాసే రకమా, మీరు స్కాన్ నొక్కినప్పుడు మాత్రమే వెతికే రకమా, అది తెలుసుకోండి. మొదటిది రియల్-టైమ్ ప్రొటెక్షన్, రెండోది ఆన్-డిమాండ్ స్కాన్. రెండు ప్రోగ్రాములు కలిసి ఉండొచ్చా లేదా అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

అపోహ: రెండు యాంటీవైరస్‌లు ఉంటే రక్షణ రెట్టింపు.

ఒక రిటైర్డ్ మాస్టారు రెండిటికీ లైసెన్స్ కొని పెట్టుకున్నారు. "ఒకటి వదిలేస్తే రెండోది పట్టుకుంటుంది కదా నాయనా" అన్నారు. "మాస్టారూ, మీరు రోజూ చూసే ఎక్సెల్ ఫైల్ ఒకటి తెరవండి" అన్నాను. పెన్షన్ లెక్కల ఫైల్, చాలా చిన్నది. డబుల్ క్లిక్ చేశారు. గుండ్రం తిరుగుతూనే ఉంది. ఈలోగా నేను టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. డిస్క్ 100 శాతం దగ్గర ఎర్రగా కూర్చుంది, లిస్టులో పైనున్న రెండు పేర్లూ ఆ రెండు యాంటీవైరస్‌లవే. ఎక్సెల్ ఎక్కడో కింద ఉంది.

లోపల జరిగేది ఇదీ. రియల్-టైమ్ ప్రొటెక్షన్ ఉన్న ప్రతి యాంటీవైరస్ విండోస్‌లో ఫిల్టర్ డ్రైవర్ అనే ముక్క ఒకటి పెడుతుంది. మీరు ఏ ఫైల్ తెరిచినా, సేవ్ చేసినా ఆ కోరిక డిస్క్‌కి చేరేలోపే దాన్ని ఆపి, ఫైల్‌ని చదివి, సరే అన్నాకే వదులుతుంది. రెండు ఉంటే రెండుసార్లు ఆగుతుంది. ఒకటి స్కాన్ చేద్దామని ఫైల్ తెరిస్తే, "ఎవరో ఫైల్ తెరిచారు" అని రెండోది కూడా దాన్ని చూడబోతుంది. పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద ఈ తంతు కళ్లకు కనిపిస్తుంది.

స్లో అవడం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అసలు వైరస్ దొరికినప్పుడే గొడవ. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఐకార్ అనే టెస్ట్ ఫైల్ ఉంది. అందులో ఉండేది 68 అక్షరాలే, ఏ హానీ చేయదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్ లాగే పట్టుకోవాలని ఒప్పందం. రెండు కాపలాలు ఉన్న కంప్యూటర్లో దాన్ని సేవ్ చేస్తే రెండూ ఒకేసారి మీద పడతాయి. ఒకటి ఫైల్‌ని క్వారంటైన్‌లోకి (పట్టుకున్నవాటిని విడిగా బంధించే చోటుకి) లాగబోతుంటే రెండోది దాన్ని లాక్ చేసి పట్టుకుని ఉండొచ్చు. అప్పుడు ఒక కిటికీలో "తీసేశాం" అని, ఇంకో కిటికీలో "తీయలేకపోయాం" అని వస్తుంది. తీశారా, ఉందా? చూసేవాళ్లకి టెన్షన్ తప్ప ఏమీ అర్థం కాదు. ఉత్తుత్తి ఫైల్‌తోనే ఇలా ఉంటే నిజమైన దానితో ఎలా ఉంటుందో ఆలోచించండి.

పైగా ఈ డ్రైవర్లు విండోస్ గుండెకాయ అయిన కెర్నల్‌లో పనిచేస్తాయి. అక్కడ తేడా వస్తే ఒక ప్రోగ్రామ్ కాదు, మొత్తం సిస్టమే పడిపోతుంది. 2018 జనవరిలో ప్రాసెసర్లలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే లోపానికి అప్‌డేట్ ఇచ్చినప్పుడు, కొన్ని యాంటీవైరస్‌లు కెర్నల్ మెమరీని అడ్డదిడ్డంగా వాడుతున్నందువల్ల బ్లూ స్క్రీన్ వస్తోందని, వాటి తయారీదారులు సరిచేసుకునేదాకా ఆ కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇవ్వకుండా ఆపింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయాయి. అది కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్, మీ ఇంట్లో ఉండదు. కానీ కెర్నల్‌లో కూర్చున్నది ఒక్కటి తప్పు చేసినా ఏమవుతుందో తెలియడానికి చెప్పాను.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత రియల్-టైమ్ ప్రొటెక్షన్‌కి అక్షరాలా వర్తిస్తుంది. అందుకే మీరు వేరే యాంటీవైరస్ వేయగానే, అది విండోస్ సెక్యూరిటీ సెంటర్‌లో (ఏ యాంటీవైరస్ కాపలా ఉందో విండోస్ లెక్క పెట్టుకునే చోటు) నమోదైతే, డిఫెండర్ తనంతట తానే తప్పుకుంటుంది. బయటి కంపెనీలవి రెండు వేస్తే మాత్రం తప్పుకొనేవాళ్లెవరూ ఉండరు.

మాస్టారి దగ్గర ఒకటి తీసేశాం. తీయడమంటే డెస్క్‌టాప్ మీద ఐకాన్ డిలీట్ చేయడం కాదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయాలి. డ్రైవర్ ముక్కలు అప్పటికీ మిగిలిపోతే ఆ కంపెనీ సైట్లోనే రిమూవల్ టూల్ అని ఒకటి ఇస్తుంది, దాన్ని కూడా నడపాలి. చివరగా విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ప్రొవైడర్స్' నొక్కితే ఇప్పుడు కాపలా ఎవరిదో పేరు కనిపిస్తుంది. గడువు తీరిన ట్రయల్‌ని "ఎంతో కొంత పనిచేస్తుందిలే" అని ఉంచుకునేవాళ్లు ముందు ఈ పేజీ చూడండి. సాధారణంగా అలాంటప్పుడు డిఫెండర్ మళ్లీ పగ్గాలు తీసుకోవాలి, కానీ తీసుకుందో లేదో చూసి నిర్ధారించుకోవాల్సింది మీరే.

అపోహ: అయితే రెండో ప్రోగ్రామ్ ఉండనే కూడదు.

ఇది పై అపోహకి ఎదురు అంచు. పిలిస్తేనే వచ్చి వెతికే స్కానర్ ఒకటి పక్కన ఉంటే నష్టం లేదు, లాభమే. ఒక కంపెనీకి ఇంకా దొరకనిది ఇంకో కంపెనీకి దొరకొచ్చు. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ అలాంటిదే. ప్రీమియం ట్రయల్ గడువు ముగిశాక అది మీరు స్కాన్ నొక్కితేనే కదులుతుంది. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అని ఇంకోటుంది, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు దాని గడువు తీరిపోతుంది, మళ్లీ కావాలంటే కొత్తది దించుకోవాలి. పాత లిస్టుతో వెతికి "అంతా బాగుంది" అని అబద్ధం చెప్పకుండా ఈ ఏర్పాటు. నాకు బాగా నచ్చిన పద్ధతి.

మీరు బయటి యాంటీవైరస్ వాడుతుంటే, డిఫెండర్‌నే ఇలా రెండో కన్నుగా పెట్టుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీలో 'పీరియాడిక్ స్కానింగ్' ఆన్ చేస్తే కాపలా పని జోలికి పోకుండా అప్పుడప్పుడు స్కాన్ మాత్రం చేసి పెడుతుంది.

మాల్‌వేర్‌బైట్స్ ప్రీమియం కొన్నవాళ్లు దాన్నీ డిఫెండర్‌నీ కలిపి నడపాలనుకుంటే, సెక్యూరిటీ సెంటర్‌లో నమోదు చేయాలా అనే ఆప్షన్ దాని సెట్టింగ్స్‌లోనే ఉంది, దాన్ని ఆఫ్ చేస్తే డిఫెండర్ తప్పుకోదు. కలిపి నడిచేలా తయారీదారే ఏర్పాటు చేసిన సందర్భం అది. అయినా పాత మెషీన్ అయితే నేను వద్దనే చెబుతాను.

అపోహ: డిఫెండర్ ఊరికే వచ్చింది, ఊరికే వచ్చినదానికి విలువేముంటుంది?

ఇంట్లో మామూలు వాడకానికి అది సరిపోతుంది. అయితే అన్ని స్విచ్‌లూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. పాత యాంటీ స్పైవేర్‌లు చేసిన పని ఇప్పుడు 'పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్' అనే స్విచ్ చేస్తుంది. 'రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్' కింద ఉంటుంది. వేరే ప్రోగ్రాములు డిఫెండర్ సెట్టింగ్స్ మార్చకుండా ఆపే 'ట్యాంపర్ ప్రొటెక్షన్' కూడా ఆన్‌లోనే ఉండాలి. మొండి మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందని అనుమానం వస్తే 'ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కునే చోటు తక్కువ. పావుగంట పడుతుంది, చేసే ముందు మీ ఫైళ్లు సేవ్ చేసుకోండి.

డబ్బు పెట్టి కొంటే తప్పా? కాదు. పిల్లలపై నిఘా, కస్టమర్ కేర్ లాంటివి కావాలనుకుంటే కొనండి. అయితే డబ్బు మిగిలి ఉంటే రెండో యాంటీవైరస్ బదులు హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ ఒకటి, బ్యాకప్‌కి ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనమంటాను.

ఉచితమైన ప్రతిదీ మంచిదని కాదు. బ్రౌజింగ్ వివరాలు అమ్ముకుందన్న ఆరోపణ మీద ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ కంపెనీ 2024లో అమెరికాలో 1.65 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. నిఘా నుంచి కాపాడాల్సినదే నిఘా పెడితే ఏం చెబుతాం!

అపోహ: ఎక్కువ వైరస్‌లు చూపించిందంటే మంచి సాఫ్ట్‌వేర్.

కుకీలను కూడా ప్రమాదాల లెక్కలో కలిపి అంకె పెంచి చూపించే ప్రోగ్రాములు ఉన్నాయి. కుకీ అనేది బ్రౌజర్ దాచుకునే కాస్త సమాచారం, దానంతట అది నడవలేదు. ఇంకొన్ని ఏకంగా బూటకం. ఎక్స్‌పీ కాలంలో విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటివి లేని వైరస్‌లు చూపించి, తీయాలంటే డబ్బు కట్టమనేవి. 2008లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాటి వెనకున్నవాళ్లపై కోర్టుకెళ్లింది. ఆ వ్యాపారం ఇప్పుడు వేషం మార్చింది, అంతే.

అపోహ: స్క్రీన్ మూలలో వైరస్ వచ్చిందని మాటిమాటికీ మెసేజ్. ఇంకో యాంటీవైరస్ వేయాలి.

ఈమధ్య నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. ఆ మెసేజ్‌ని ఒకసారి నింపాదిగా చూడండి. యాంటీవైరస్ లోగో పెద్దగా ఉంటుంది, కానీ దగ్గర్లోనే చిన్న అక్షరాల్లో క్రోమ్ అనో ఎడ్జ్ అనో, పక్కన వినని వెబ్‌సైట్ పేరో కనిపిస్తుంది. ఏదో సినిమా సైట్లో "మీరు రోబో కాదని చెప్పడానికి 'అలవ్' నొక్కండి" అంటే ఎవరో నొక్కారు. ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది. ఇందులో వైరస్ లేదు, కాబట్టి ఎన్ని స్కాన్లు చేసినా ఏమీ దొరకదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ పేజీ తెరిచి, 'అలవ్' కింద ఉన్న వింత పేర్లన్నీ తీసేయండి. రెండు నిమిషాల పని. ఆ మెసేజ్‌లో కనిపించే నంబర్‌కి మాత్రం ఫోన్ చేయకండి.

ఇదే రోబో నాటకంలో ఇంకా ప్రమాదకరమైన రకం ఒకటుంది. "విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్" అంటుంది. ఆ సైట్ మీకు తెలియకుండా కాపీ చేసి పెట్టిన ఆదేశం అక్కడ పేస్ట్ అవుతుంది, అంటే మీ చేత్తోనే దొంగ ప్రోగ్రామ్‌ని నడిపినట్టు. ఏ అసలైన సైటూ ఇలా అడగదు.

అపోహ: క్రాక్‌ని (కొనకుండానే సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగ ప్రోగ్రామ్) వైరస్ అనడం కంపెనీల కుట్ర. కాసేపు యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

కొన్ని క్రాక్‌లను లైసెన్స్ కారణంగానే 'హ్యాక్‌టూల్' అని పట్టుకుంటారు, ఒప్పుకుంటాను. కానీ దాని లోపల ఇంకేముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు చాలాసార్లు సీ డ్రైవ్ మొత్తాన్నీ 'ఎక్స్‌క్లూజన్స్'లో, అంటే స్కాన్ చేయొద్దని చెప్పే లిస్టులో, పెట్టి వెళ్లిపోతారు. ఇక ఎన్ని యాంటీవైరస్‌లున్నా కళ్లకు గంతలే. ఆ లిస్టు ఒకసారి తెరిచి చూడండి, మీరు పెట్టనిది ఉంటే తీసేయండి.

ఇప్పటి స్పైవేర్ వచ్చే దారుల్లో ఇదొకటి. దాన్ని ఇన్ఫోస్టీలర్ అంటున్నారు. పాతకాలపు స్పైవేర్‌లా నెలల తరబడి ఉండి ప్రకటనలు చూపించదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న సెషన్ల కుకీలు కొన్ని నిమిషాల్లో ఊడ్చుకుపోతుంది. లుమ్మా అనే ఒక్క స్టీలర్ 2025లో మార్చి, మే మధ్య రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో కనిపించిందని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. "నా కంప్యూటర్లో దొంగిలించడానికేముంది" అనేవాళ్ల బ్రౌజర్‌లోనే జీమెయిల్ తెరిచి ఉంటుంది, డౌన్‌లోడ్స్‌లో ఆధార్, పాన్ కాపీలు ఉంటాయి.

ఇలాంటిది పడిందని తేలితే స్కాన్ చేసి తీసేయడంతో పని అయిపోదు, పోయిన పాస్‌వర్డ్‌లు పోయినట్టే. ముందు ఆ కంప్యూటర్ నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, 'అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్' నొక్కండి. సెషన్ కుకీ దొంగిలించినవాడికి ఓటీపీ అవసరం లేకపోవచ్చు కాబట్టి ఈ సైన్ అవుట్ మర్చిపోకండి. తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. విండోస్‌ని మళ్లీ కొత్తగా వేయించుకోవడం ఇవన్నీ అయ్యాక, తీరిగ్గా.